అమ్మతో, పిల్లలతో కాన్‌కూన్: ఏది బాగుంది, ఎక్కడ ఇబ్బంది పడ్డాం

డాలస్ నుంచి కాన్‌కూన్‌కి విమానంలో సుమారు మూడు గంటలు. హైదరాబాద్ ప్రయాణం ముందు ఇది పక్క ఊరికి వెళ్లొచ్చినట్టే. వేసవి సెలవులు మొదలయ్యే ముందు నుంచే మన వాట్సాప్ గ్రూపుల్లో "మెక్సికో ఎలా ఉంటుంది, పేరెంట్స్‌ని తీసుకెళ్లొచ్చా, వెజిటేరియన్ దొరుకుతుందా" అనే ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. మొన్న జూలైలో మేం ఐదుగురం ఆరు రోజులు వెళ్లొచ్చాం. నేను, మావారు, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ. నాన్న పోయాక అమ్మ మా దగ్గరకు రావడం ఇదే మొదటిసారి. మోకాళ్ల నొప్పులు ఏటేటా పెరుగుతున్నాయి. నడవగలిగినప్పుడే ఒక్కచోటైనా చూపించాలన్నది మా ఆలోచన.

ఈ ప్రయాణంలో చాలా సంతోషపడిన గంటలున్నాయి, భయపడిన రాత్రి ఒకటి ఉంది. రెండింటికీ కారణాలు ఏమిటో, ముందుగా తెలుసుకుంటే ఏవి తేలికవుతాయో రాస్తున్నాను.

వీసా లెక్క ముందు తేల్చుకోవాలి

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా కావాలి. అయితే గడువున్న అమెరికా వీసా గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. మా అమ్మది పదేళ్ల బీ-2 విజిటర్ వీసా, మా ఇద్దరికీ పాస్‌పోర్టుల్లో గడువున్న స్టాంపులు ఉన్నాయి, పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, హెచ్-1బీ మీద ఉండి, ఐ-797 అప్రూవల్ చేతిలో ఉన్నా పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయినవారికి. అమెరికా నిబంధనల్లో "ఆటోమేటిక్ రీవాలిడేషన్" అనే వెసులుబాటు ఉంది. మెక్సికోకి గానీ కెనడాకి గానీ వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, స్టాంపు గడువు తీరినా చెల్లుబాటయ్యే ఐ-94తో లోపలికి రావచ్చు. అక్కడ ఉండగా కొత్త వీసాకి దరఖాస్తు చేస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. ఇంకో మాట, ఇది అమెరికాలోకి తిరిగి రావడానికి సంబంధించింది మాత్రమే. మెక్సికోలోకి వెళ్లేటప్పుడు అక్కడి అధికారి చూసేది గడువున్న వీసానే. ఈ రెండింటినీ కలిపేసుకుని టికెట్లు కొంటే విమానం ఎక్కేచోటే ఆపేస్తారు.

పేరెంట్స్ విషయంలో మరో సందేహం ఎప్పుడూ వస్తుంది. ఒకసారి మెక్సికో వెళ్లొస్తే మళ్లీ ఆరు నెలలు ఇస్తారా అని. అలా లెక్క వేసుకోకూడదు. పక్క దేశానికి చిన్న ప్రయాణం చేసి వస్తే పాత ఐ-94లో మిగిలిన గడువుతోనే పంపించవచ్చు. నిర్ణయం ఆ అధికారిదే. ఇండియా తిరుగు టికెట్టు పాత తేదీకే ఉంచుకోవడం మంచిది. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఐ-94 కూడా ఆ తేదీ వరకే రాసే అవకాశం ఉంటుంది. తిరిగొచ్చిన రోజే ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి తేదీ చూసుకోవడం అందరికీ అలవాటు కావాలి.

విమానాశ్రయం బయట మొదటి పరీక్ష

కాన్‌కూన్ విమానాశ్రయంలో కస్టమ్స్ దాటాక ఒక హాలు వస్తుంది. అటూ ఇటూ కౌంటర్లు, మెడలో కార్డులు వేసుకున్న మనుషులు, "మీ హోటల్ ఏది, మీ వ్యాన్ నేను చూపిస్తా" అంటూ పిలుస్తారు. చూస్తే విమానాశ్రయం సిబ్బందిలాగే ఉంటారు. వీళ్లలో చాలామంది టైమ్‌షేర్ అమ్మేవాళ్లు. ఉచిత టూరు, సగం ధరకి టాక్సీ అని చెప్పి, మర్నాడు ఉదయం గంటన్నర ప్రెజెంటేషన్‌కి రమ్మంటారు. ఆ గంటన్నర సగం రోజు అవుతుంది. ఆగకుండా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోవడమే మార్గం. ఎవరైనా అప్పటికే సంతకం పెట్టి ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. మెక్సికో నిబంధనల ప్రకారం ఐదు పనిదినాల్లోపు ఆ ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉంది.

మేం ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న వ్యాన్ రాలేదు. జూలై ఎండలో, వీల్‌చెయిర్ దిగిన అమ్మతో, నలభై నిమిషాలు నిలబడ్డాం. చివరికి విమానాశ్రయం టాక్సీకి రెట్టింపు ఇచ్చి వెళ్లాం. ఆ కంపెనీ డబ్బు వాపసు ఇచ్చింది గానీ, మూడు వారాలు పట్టింది. మొదటి రోజు అందరి మూడ్ పాడైపోవడానికి ఆ నలభై నిమిషాలు చాలు. పెద్దవాళ్లు ఉంటే హోటల్ వాళ్లనే వాహనం పంపమనడం కొంచెం ఖరీదైనా నయం.

సముద్రం ఎప్పుడూ నీలంగా ఉండదు

బ్రోచర్లలో కనిపించే ఆ నీలిరంగు నిజమే. కానీ వేసవిలో సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది. 2011 నుంచి ఇది కరీబియన్ తీరమంతటా పెద్ద సమస్య అయింది. వసంతం నుంచి వేసవి చివరి వరకు ఎక్కువ. ఒడ్డున కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వచ్చి కోడిగుడ్డు కుళ్లిన వాసన కొడుతుంది. మేం వెళ్లిన రెండో రోజు తెల్లారేసరికి మా హోటల్ ముందు ఇసుకే కనపడలేదు. హోటల్ సిబ్బంది ట్రాక్టర్లతో ఎత్తిపోస్తుంటే మా పాప "ఇదేనా బీచ్?" అని మొహం ముడుచుకుంది.

గాలి, ప్రవాహం తూర్పు నుంచి వస్తాయి కాబట్టి తూర్పు ముఖంగా ఉన్న బీచ్‌లకు ఈ బెడద ఎక్కువ. ఇస్లా ముహేరెస్ దీవి ఉత్తర కొసన ఉన్న బీచ్‌కి, కొజుమెల్ దీవి పడమటి వైపుకి తక్కువ. మేం మూడో రోజు ఫెర్రీలో ఇస్లా ముహేరెస్ వెళ్లాం, సుమారు ఇరవై నిమిషాల ప్రయాణం. అక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయి, నడుం లోతు దాకా అలల్లేవు. అమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మోకాళ్ల లోతు నీళ్లలో గంటసేపు నిలబడింది. సూర్యలంకలో నాన్నతో దిగిన ఫొటో గురించి పిల్లలకి చెప్పింది. ఆ ఫొటో సంగతి నాకే తెలియదు.

వేసవిలో టికెట్లు, గదులు కాస్త చవకగా దొరకడానికి కారణం ఇదే. నాచు, ఎండ, జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉండే తుఫాన్ల సీజన్. డిసెంబర్‌లో వాతావరణం బాగుంటుంది, ధర మండిపోతుంది. పిల్లల స్కూలు సెలవులను బట్టే వెళ్లాలి కాబట్టి, ఏ ఇబ్బందికి సిద్ధపడుతున్నామో తెలిసి వెళ్లడమే మన చేతుల్లో ఉంది.

తిండి: గోంగూర చుట్టం దొరికింది

శాకాహారులకి మెక్సికోలో తెలియకుండా వచ్చే ఇబ్బంది వేరే ఉంది. మాంసం ముక్కలు పైకి కనిపిస్తాయి, తీసి పక్కన పెట్టమనొచ్చు. కానీ మెత్తగా వేయించిన బీన్స్‌లో పంది కొవ్వు, అంటే "మాంతేకా", వేస్తుంటారు. అన్నం కూడా కొన్నిచోట్ల కోడి రసంలో వండుతారు. "సొయ్ వెహెతారియానా" అంటే నేను శాకాహారిని అని, ఆడవాళ్లు చెప్పే మాట. మగవాళ్లయితే "వెహెతారియానో". "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ మాంతేకా" అంటే మాంసం, కోడి, పంది కొవ్వు వద్దని. ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి అమ్మ చేతికిచ్చాం. మొక్కజొన్న తొర్తియాలు సాధారణంగా ఇబ్బంది ఉండదు, గోధుమపిండివైతే అడగాలి.

అమ్మ తెచ్చుకున్న ఉప్మా పొడి, పులిహోర పేస్టు గదిలోని కాఫీ మెషీన్ వేడినీళ్లతో బాగా పనికొచ్చాయి. ప్యాక్ చేసిన పొడి సరుకులకి ఎవరూ అడ్డు చెప్పలేదు. పచ్చి కూరగాయలు, పళ్లు మాత్రం అటు వెళ్లేటప్పుడూ ఇటు వచ్చేటప్పుడూ తీసుకెళ్లకపోవడమే మంచిది.

అన్నిటికంటే సరదా సంగతి, ఒక చిన్న హోటల్లో "హమైకా" అనే ఎర్రటి నీళ్లు ఇచ్చారు. అమ్మ ఒక గుక్క తాగి, "ఇది గోంగూర పులుపే కదమ్మాయ్!" అంది. నిజమే. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకలతో చేసేది. ఇక్కడ ఆకు వదిలేసి అవి తాగుతారు, మనం అవి వదిలేసి ఆకు తింటాం. పక్క టేబుల్ మీద "తమరిందో" అని చింతపండు నీళ్లు. మనకీ వాళ్లకీ పాత ఇచ్చిపుచ్చుకోవడాలు చాలానే ఉన్నాయి. చింతపండు మన వైపు నుంచి అరబ్బుల మాటతో, స్పానిష్ వాళ్ల ఓడలతో అక్కడికి చేరింది. అక్కడి నుంచి మనకు మిరపకాయ వచ్చింది, టమాటా వచ్చింది, సపోటా వచ్చింది. సపోటా చెట్టు పుట్టిల్లు ఈ యుకతాన్ ప్రాంతమే, దాని పాలతోనే మొదట్లో చూయింగ్ గమ్ చేసేవారు. గుంటూరు మిరపకి ఇది అమ్మమ్మగారిల్లు అని చెబితే అమ్మ నమ్మలేదు. అక్కడి హబనేరో పచ్చడి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాక నమ్మింది.

చీచెన్ ఇట్సా: గడియారం, ఎండ, ఒక పాఠం

కాన్‌కూన్ నుంచి చీచెన్ ఇట్సా సుమారు 200 కిలోమీటర్లు. 1988లో యునెస్కో జాబితాలో చేరింది. 2007లో ప్రకటించిన కొత్త ఏడు వింతల్లో మన తాజ్‌మహల్ పక్కనే ఇదీ ఉంది. ముందు ఒక చిన్న హెచ్చరిక. కాన్‌కూన్ ఉన్న కింతానారో రాష్ట్రం గడియారం, చీచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం గడియారం కంటే ఒక గంట ముందుంటుంది. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు పోతుంది. తిరుగు వ్యాను, రాత్రి భోజనం టైము వేసుకునేటప్పుడు ఇది చూసుకోవాలి. టికెట్టు కూడా రెండు భాగాలు, కేంద్ర ప్రభుత్వానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి.

ఉదయం 8 గంటలకి తెరవగానే లోపల ఉండాలి. దారి చదునుగానే ఉంటుంది గానీ మట్టి, రాళ్లు, నీడ తక్కువ. పదిన్నర దాటితే పెద్దవాళ్లకి కష్టం. మేం మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లాం, అమ్మ ప్రతి చెట్టు కింద కూర్చుంటూ చూసింది.

పెద్ద పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున 364, పైన అరుగు ఒకటి కలిపితే 365. సంవత్సరంలో రోజులన్నమాట. ఎక్కనివ్వరు, కింద నుంచి చూడాలి. ముందు నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పిట్ట కూతలా వస్తుంది. మా బాబు యాభైసార్లు కొట్టుంటాడు. మాయన్లు ఇరవై ఆధారంగా లెక్కలు కట్టేవారు, సున్నాకి గవ్వలాంటి గుర్తు వాడేవారు. "సున్నా మనమే కదా కనిపెట్టింది?" అని పాప అడిగింది. భారతదేశంలోనూ, ఇక్కడా ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే సున్నా పుట్టిందని మావారు చెప్పారు. పుస్తకంలో చదివితే ఆ ప్రశ్న వచ్చేది కాదనుకుంటాను.

దారిలో ఒక సెనోటేలో దిగాం. యుకతాన్ నేలంతా సున్నపురాయి, పైన నదులు పారవు, వాన నీరు ఇంకి నేల అడుగున గుహల్లో ప్రవహిస్తుంది. పైకప్పు కూలినచోట బావిలా తెరుచుకుంటుంది, అదే సెనోటే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట చిక్సులూబ్ దగ్గర గ్రహశకలం పడిన బిలం అంచు వెంబడే వీటిలో చాలా ఉన్నాయి. దాదాపు అదే కాలంలో మన దక్కన్‌లో లావా పారింది. ఆ నల్లరాయి రాజమండ్రి దగ్గర కూడా కనిపిస్తుంది. డైనోసార్ల కథ ఇటు మెక్సికోలోనూ అటు అమ్మమ్మ ఊరి దేశంలోనూ ఉందని మా బాబుకి తెలిసిపోయింది. సెనోటేలో లైఫ్ జాకెట్ తప్పనిసరిగా వేయించండి. అంచు దగ్గరే లోతు ఉంటుంది.

ఆ రాత్రి

చీచెన్ ఇట్సా నుంచి వచ్చిన రాత్రి ఒంటిగంటకి బాబుకి వాంతులు మొదలయ్యాయి. తెల్లారేలోగా తొమ్మిదిసార్లు. విరేచనాలు కూడా. ఏం తిన్నందుకు వచ్చిందో తెలియదు, మేం అందరం తిన్నదే వాడూ తిన్నాడు.

ఇలాంటప్పుడు పిల్లల్ని పడేసేది చాలావరకు ఒంట్లో నీరు పోవడమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమానమైన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపాలి. ఒకేసారి గ్లాసెడు ఇస్తే కక్కేస్తారు. రెండు మూడు నిమిషాలకో చెంచా ఇవ్వాలి. పెద్దవాళ్ల విరేచనాల మాత్రలు చిన్నపిల్లలకి వేయకూడదు. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోతుకి పోయినా, మగతగా ఉన్నా, రక్తం కనిపించినా ఇక ఇంట్లో చూసుకునే పని కాదు.

పొద్దున ఆరింటికి బాబు పిలిస్తే కళ్లు తెరవలేదు. ఫార్మసీల పక్కనే తక్కువ ఫీజుతో చూసే డాక్టర్లు మెక్సికోలో చాలాచోట్ల ఉంటారు, మామూలు జ్వరానికి బాగా పనికొస్తారు. కానీ ఆ స్థితిలో మేం నేరుగా ప్రైవేటు ఆసుపత్రికే వెళ్లాం. ముందు కార్డు మీద డిపాజిట్ కట్టమన్నారు, తర్వాత సెలైన్ ఎక్కించారు. అక్కడ ఇది మామూలే. అమెరికాలో మన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ దేశం బయట ఏ మేరకు పనిచేస్తుందో ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంటుంది. పేరెంట్స్‌కి అమెరికా కోసం కొన్న విజిటర్ పాలసీ మెక్సికోలో వర్తించకపోవచ్చు. మేం ఐదుగురికీ ప్రయాణ బీమా విడిగా తీసుకున్నాం. అన్ని బిల్లులూ, డాక్టర్ రాసిన నోట్సూ అడిగి తెచ్చుకున్నాం కాబట్టి ఆ డబ్బు తర్వాత తిరిగొచ్చింది. అత్యవసరమైతే అక్కడ కూడా 911 నంబరే.

మధ్యాహ్నం రెండింటికి బాబు లేచి, ఆకలేస్తోంది అన్నాడు. హోటల్‌కి వచ్చేసరికి అమ్మ గది తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. పాపకి జడ వేసి, ఉప్మా పెట్టి, తను మాత్రం ఏమీ తినలేదు. "నా కోసమే కదా ఇంతదూరం వచ్చారు, నా వల్లే పిల్లాడికి ఇలా అయింది" అంది. అప్పటిదాకా నేను ఏడవలేదు. మావారు ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, డాలస్‌లో కూడా వీడికి ఏడాదికోసారి ఇదే. మీరు ఉన్నారు కాబట్టే పాపని వదిలి మేమిద్దరం వెళ్లగలిగాం" అన్నారు. అమ్మ కాసేపటికి ఉప్పుతో బాబుకి దిష్టి తీసి, అన్నం తింది.

గొడవలు ఎందుకు వస్తాయి

వెకేషన్‌లో గొడవలు పడని ఇల్లు ఉంటుందనుకోను. కారణాలు చాలావరకు ఒకటే. పిల్లలకి స్విమ్మింగ్ పూల్ చాలు. పెద్దవాళ్లకి ఇంతదూరం వచ్చి గదిలో కూర్చోవడం ఇష్టముండదు. భర్తకి నిద్ర కావాలి. ఖర్చు పెట్టాం కాబట్టి అన్నీ చూసేయాలన్న తొందర ఒకరికి ఉంటుంది. ఇక టికెట్లు, మందులు, టోపీలు, ఎవరికి ఏం తినడానికి దొరుకుతుందన్న ఆలోచన ఇంటి ఇల్లాలి నెత్తిన ఉంటుంది. వంట తప్పిందే గానీ పని తప్పలేదు.

మాకు పనికొచ్చినవి మూడు. బయల్దేరే ముందు ఒక్కొక్కరూ తప్పకుండా కావాలనుకున్నది ఒకటి చెప్పాలి. బాబు పూల్, పాప పిరమిడ్, అమ్మ "సముద్రంలో కాళ్లు పెట్టాలి" అంది, మావారు ఒక రోజు అలారం వద్దన్నారు. ఇవి అయితే చాలు, మిగతావి అదనం. రెండోది, రోజుకి ఒకే కార్యక్రమం, అదీ మధ్యాహ్నంలోపే. మూడోది, మధ్యలో తలుపు ఉన్న రెండు గదులు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి దీపం పెట్టుకుంటుంది, పిల్లలు తొమ్మిదింటి దాకా లేవరు. ఒకే గదిలో అయితే ఇద్దరికీ శిక్షే.

ఆసుపత్రి మర్నాడు మేం ఎక్కడికీ వెళ్లలేదు. సాయంత్రం చీకటి పడ్డాక హోటల్ వాళ్లు బీచ్ వైపు లైట్లు తగ్గించి, తాబేలు ఒడ్డుకి వచ్చిందని చెప్పారు. అక్కడ మే నుంచి అక్టోబర్ వరకు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. దూరంగా, ఫోన్ వెలుతురు లేకుండా నిలబడి చూడాలి. నాచు గుట్టల పక్కనుంచే అది పాక్కుంటూ వచ్చి, గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోయింది. బాబుని ఒళ్లో పెట్టుకుని అమ్మ గంటన్నర కదలకుండా కూర్చుంది. మా జాబితాలో అది లేదు, దానికి టికెట్టూ లేదు.

అమ్మ ఆగస్టు చివర గుంటూరు వెళ్లిపోయింది. ఫోన్‌లో చుట్టాలకి ఆసుపత్రి సంగతి చెప్పడం నేను వినలేదు. గోంగూర నీళ్ల గురించి, సముద్రం గురించి చెబుతుంటే విన్నాను. పేరెంట్స్ వచ్చి ఉన్న ఆరు నెలల్లో ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకునేవారు ముందు వాళ్లనే అడగండి, ఏం చూడాలని ఉందని. "మీ ఇష్టం" అంటారు. రెండోసారి కూడా అడగండి. తర్వాత ఐ-94 తేదీ, బీమా కాగితం, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చూసుకుని బయల్దేరండి.